రిలీవర్ వచ్చేదాకా

ఉమాపతికి బదిలీ అయింది. బదిలీ అయిన మనిషి పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్లలో ఉమాపతి భార్య దమయంతి ఒకతె.

వాళ్లకు పెళ్లయి మూడేళ్లు. ఆమె శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డున గుల్లవలస ఆసుపత్రిలో నర్సు. అతను ఎక్కడో సీమలో రాళ్లకుంట అనే ఊళ్లో రాష్ట్ర జలపుష్ప వికాస మండలి వారి శాఖాధికారి. జలపుష్పాలంటే మరేం కాదు, చేపలు. చేపలని రాస్తే ఫైలు నీచు కొడుతుందని మండలి వారు అలా రాసుకుంటారు. మొగుడికీ పెళ్లానికీ మధ్య రెండు రైళ్లూ ఒక బస్సూ. ఎప్పుడో సెలవు దొరికితే కలుసుకోవడం, తక్కిన కాలమంతా ఫోన్లో కాపురం.

ఆ బదిలీ గుల్లవలసకేనని తెలియగానే దమయంతి ఫోన్ చేసింది.

"బావా, మంచం కొనీసినాను. పెద్దదే కొన్నాను. ఎప్పుడొస్తన్నావు?"

"రిలీవ్ చెయ్యగానే బయల్దేరతాను."

"అంటే ఏటి?"

"పైవాళ్లు నన్ను వదలాలి కదా."

"రమ్మని కాగితం ఇచ్చినోల్లే ఒగ్గరేటి?"

ఈ ప్రశ్నకు జవాబు మండలి నిబంధనల్లో ఉంది కానీ, అది మనుషులకు ఫోన్లో చెప్పే తరహాది కాదు. పైగా ఆ బదిలీ కాగితానికి చివర చిన్న తోక కూడా ఉంది. నెలాఖరులోగా కొత్తచోట చేరకపోతే బదిలీ దానంతటదే రద్దవుతుంది. మంచం మాత్రం రద్దు కాదు. అందుకని ఉమాపతి ఆ రోజే హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు.

"రిలీవర్ వచ్చి చార్జి తీసుకుంటే తప్ప మిమ్మల్ని రిలీవ్ చెయ్యడం కుదరదండీ," అన్నాడు అక్కడి సూపరింటెండెంటు, తీరిగ్గా.

"రిలీవర్‌గా ఎవర్ని వేశారు?"

"ఎవర్నీ వెయ్యలేదు. మీ పోస్టు కిందటేడే రద్దయింది కదా. లేని పోస్టులోకి మనిషిని ఎలా వేస్తామండీ?"

"పోస్టే లేనప్పుడు మరి నేనిక్కడ ఎందుకున్నానండీ?"

"రిలీవ్ కాలేదు కాబట్టి."

ఈ సమాధానంలో లొసుగు ఎక్కడుందో ఉమాపతి చాలాసేపు వెతికాడు. దొరకలేదు. ప్రభుత్వ సమాధానాల్లో ఉన్న అందమే అది. ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చెరువు వైపు చూశాడు. చెరువంటే ఒకప్పటి చెరువు. దానికోసమే అక్కడ ఆఫీసు పెట్టారు. చెరువు ఎండిపోయింది, ఆఫీసు ఎండలేదు. ఇప్పుడక్కడ కుర్రాళ్లు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఉమాపతి నెలనెలా 'జలపుష్పముల దిగుబడి: లేదు' అని నివేదిక పంపుతాడు. ఆ నివేదిక ఆలస్యమైందని నెలనెలా మెమో వస్తుంది. అటెండరు ఓబులేసు ఆ మెమోను భద్రంగా బీరువాలో పెడతాడు. ఆ ఆఫీసుకు ఉన్న సిబ్బందీ పనీ అంతే.

సరిగ్గా ఆ వారమే మండలి డైరెక్టర్ జనరల్ పరాంకుశం గారు శిక్షణ ముగించుకుని కొండమీద రిసార్టు నుంచి దిగివచ్చారు. అక్కడ ఎవరో దొరగారు అధికారులందరినీ చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల మీది బరువు జారిపోతున్నట్టు ఊహించుకోమన్నాడట. తక్కినవాళ్లు గురకపెట్టారు. పరాంకుశం గారికి మాత్రం నిజంగానే ఏదో జారిపోయింది. జారిపోయిందేమిటో హెడ్డాఫీసులో చాలామందికి తెలుసు, పైకి అనరు. ఆయన వచ్చీ రాగానే సర్క్యులర్ వచ్చింది.

'విషయము: మండలి ఉద్యోగుల భారవిముక్తి మాసోత్సవములు నిర్వహించుట గురించి. ప్రతి శాఖాధికారి తన పరిధిలోని సిబ్బందిని రిలీవ్, రిలీజ్, ఎగ్జెంప్ట్, డిశ్చార్జ్, ఎక్సానరేట్ అను అయిదు పద్దుల కింద విముక్తులను గావించి, ఛాయాచిత్రములతో సహా పోర్టల్ నందు నమోదు చేయవలెను. ఒక పద్దు కింద సాధించిన ప్రగతిని వేరొక పద్దు కింద చూపరాదు. లక్ష్యసాధనలో అలసత్వము వహించిన వారిపై తగు చర్యలు గైకొనబడును.'

ఉమాపతికి ప్రాణం లేచొచ్చింది. అయిదింటిలో మొట్టమొదటిదే రిలీవ్! ఆ సంగతి దమయంతికి చెప్పాడు.

"ఒగ్గీడానికి ఒక్క మాట సాలదేటి బావా? అయిదెందుకు?"

"ఇంగ్లీషులో వదలడం చాలా రకాలు దమయంతీ."

"మన్లో ఒకటే రకం. ఒగ్గీడవే. ఆల్లకి సెప్పు."

వీడియో కాన్ఫరెన్సులో ఉమాపతి చెప్పాడు కూడా. తెర మీద పరాంకుశం గారు పట్టు జుబ్బాలో, భుజాలు బాగా వదులు చేసుకుని కూర్చున్నారు. శాఖాధికారులందరూ చిన్న చిన్న గళ్లలో చేతులు కట్టుకుని ఉన్నారు.

"సార్, నన్ను రిలీవ్ చేస్తే రాళ్లకుంట టార్గెట్టు ఈ రోజే పూర్తవుతుంది సార్."

"వెరీ గుడ్! దిస్ ఈజ్ ది స్పిరిట్! అయితే ఉమాపతీ, ప్రస్తుతం మీ మీద ఉన్న భారమెంత?"

"ఏమీ లేదు సార్. చెరువే లేదు కదా సార్."

పరాంకుశం గారి భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి. "అదేమిటయ్యా! భారమే లేనివాణ్ణి విముక్తుణ్ణి చేశామని చూపిస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా? ముందు బేస్‌లైన్ భారం ఎస్టాబ్లిష్ చెయ్యాలి. మొదటి మూడు వారాలూ భారాల కల్పన, ఆఖరి వారం భారాల తొలగింపు. అర్థమైందా? మోయనివాడికి దించుకునే హక్కు లేదు. ఇది రాసుకోండి, మంచి స్లోగన్."

అందరూ రాసుకున్నారు. ఉమాపతీ రాసుకున్నాడు.

రాళ్లకుంట ఆఫీసులో ఉన్నదే ఇద్దరు. అయిదు పద్దులనూ ఇద్దరూ పంచుకోక తప్పలేదు. మూడు ఓబులేసు మీద పడ్డాయి.

రిలీజ్ చెయ్యాలంటే ముందు బంధించాలి. ఉమాపతి భోజనాల వేళ ఓబులేసును రికార్డు గదిలో పెట్టి తాళం వేశాడు. మూడింటికి తాళం తీసి, విముక్తుడైన ఉద్యోగి ముఖంలో ఆనందం కనిపించేలా ఫోటో తీయబోతే ఓబులేసు మెమోల కట్ట తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపితే కసురుకున్నాడు. "ఏం సార్ ఇది, చల్లగా పండుకోనుంటే! ఇంకో గంట బంధించకూడదా?" ఆ ముఖంతోనే ఫోటో పంపాల్సి వచ్చింది.

ఎగ్జెంప్ట్ పని కాస్త సులువుగానే నడిచింది. ఉద్యోగులందరూ విధిగా తలపాగా చుట్టుకుని రావలెనని ఉదయం తాఖీదు, ఓబులేసుకు దాన్నుంచి మినహాయింపు ఇవ్వడమైనదని సాయంత్రం తాఖీదు. ఈ మధ్యలో అతను అద్దంలో చూసుకున్నాడు. తలపాగా విప్పమంటే కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేశాడు.

డిశ్చార్జ్ దగ్గరే పీకల మీదికి వచ్చింది. ఆసుపత్రిలో చేరనివాణ్ణి ఎక్కణ్ణుంచి డిశ్చార్జ్ చేస్తారు? డాక్టరును బతిమాలి ఓబులేసును చేర్పించారు. అతనికి ఏ రోగమూ లేదు. పొద్దున పాలూ రొట్టే, మధ్యాహ్నం గుడ్డూ పెట్టేసరికి ఒళ్లు చేసి మంచానికి అతుక్కుపోయాడు. డాక్టరు వెళ్లమన్నాడు. ఉమాపతి స్వయంగా వెళ్లి, ఇక రమ్మని పిలిచాడు. "తొందర యాల సార్, ఆదివారం కోడి పెడతారంట," అన్నాడు ఓబులేసు. ఆదివారం కోడి తిన్నాకే మండలికి డిశ్చార్జ్ పద్దులో ప్రగతి కనిపించింది.

రిలీవ్, ఎక్సానరేట్ ఉమాపతి వంతు. రిలీవ్ కావడానికి తగిన భారం కావాలి గనక చుట్టుపక్కల ఎండిపోయిన చెరువుల ఆఫీసులన్నిటికీ అతన్ని ఇన్‌చార్జిని చేశారు. తాళంచెవుల గుత్తులు పార్సిల్లో వచ్చాయి. వార్షికోత్సవ సంచికకు సంపాదకుడు అతనే, మంచినీటి రొయ్యల గణనాధికారి అతనే, భారవిముక్తి పోర్టల్‌కు రాష్ట్రస్థాయి నోడల్ అధికారి కూడా అతనే. ఆ చివరిది ఎవరూ వద్దన్న పదవి. బేస్‌లైన్ భారానికి పనికొస్తుందని అతను కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

ఎక్సానరేట్ అంటే నిర్దోషిగా ప్రకటించడం. దానికి ముందు దోషం మోపాలి. మండలి వారు ఆ పని శ్రద్ధగానే చేశారు. రాళ్లకుంట చెరువులో గతంలో విడిచిన చేపపిల్లలు ఏమైనవో సంజాయిషీ ఇవ్వవలెనని అభియోగపత్రం వచ్చింది. చెరువు ఎండిపోయిందని ఉమాపతి జవాబు రాశాడు. దాని మీద మరో తాఖీదు వచ్చింది: 'చెరువు ఎండిన యెడల సదరు జలపుష్పములు ఎచ్చటికి వెళ్లినవి? అవి వెళ్లునప్పుడు వాటిని సక్రమముగా రిలీవ్ చేసిరా? రిలీవింగ్ ఉత్తర్వులు లేకుండా వాటిని వెళ్లనిచ్చుట విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యము కాదా?'

ఆ తాఖీదు చదువుతుంటే ఉమాపతికి చేపల మీద అసూయ పుట్టింది.

"బావా, వారమే ఉంది," అంది దమయంతి ఫోన్లో. "ఈ పోర్షనుకి అడ్వాన్సిచ్చీసినాను. ఇంటోల్లు మీ ఆయన ఎప్పుడొస్తాడని అడుగుతన్నారు. అసలు నాకు మొగుడున్నాడో లేడోనని అనుమానంగా సూస్తన్నారు. నాకే అనుమానమొస్తంది."

"ఇంకేముంది దమయంతీ, భారం పూర్తిగా ఎక్కేసింది. రేపట్నుంచి దించడమే."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. మర్నాడు వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. పరాంకుశం గారు మెళ్లో దండతో కనిపించారు. అత్యధిక సంఖ్యలో ఉద్యోగభారాలను గుర్తించినందుకు మండలికి జాతీయ స్థాయి పురస్కారం ప్రకటించారట. ఆ ఉత్సాహంలో ఆయన కొత్త కార్యక్రమం ప్రకటించారు. పేరు 'బాధ్యతే బలం'. తక్షణం అమలు. భారాల తొలగింపు నిలిపివేయడమైనది. ఇప్పటికే కల్పించిన భారాలు యథాతథంగా కొనసాగుతాయి.

"సార్, దించే వారం ఇవాళే మొదలు సార్," అన్నాడు ఉమాపతి.

"దించడం గురించి ఇంకా ఆలోచిస్తున్నావా ఉమాపతీ? మైండ్‌సెట్ మార్చుకోవాలి. నన్ను చూడు. ఈ మండలి భారమంతా ఏళ్ల తరబడి నేనొక్కణ్ణే నా భుజాల మీద మోస్తున్నాను. నిద్ర లేదు, తిండి లేదు. నన్నెవరైనా రిలీవ్ చేస్తే బాగుండునని నాకు మాత్రం ఉండదా? అయినా అడిగానా?"

చప్పట్లు మోగాయి. తెర ఆరిపోయింది. ఉమాపతి ఆరిన తెర ముందు అలాగే కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. మూడేళ్లుగా తెచ్చిపెట్టుకున్న ఓపిక ఒక్కసారి జారిపోయి ఒళ్లంతా కోపం అయింది. కోపమొచ్చిన ప్రభుత్వోద్యోగి ఎవర్నీ కొట్టడు, తిట్టడు. నిబంధనలు తీసి చదువుతాడు.

పోర్టల్ ఇంకా మూసెయ్యలేదు. అతనింకా రాష్ట్రస్థాయి నోడల్ అధికారే. పోర్టల్ నిబంధనల్లో 'నోడల్ అధికారి ఏ స్థాయి ఉద్యోగినైనను విముక్తుని గావించవచ్చును' అని స్పష్టంగా ఉంది. ముందు తన పేరే కొట్టి చూశాడు. 'తన భారమును తాను దించుకొనరాదు' అని ఎర్రక్షరాలు వచ్చాయి. అప్పుడు పరాంకుశం గారి పేరు కొట్టాడు. బేస్‌లైన్ భారం: యావత్ మండలి. ఉద్యోగి విన్నపం: ఉన్నది, వీడియో కాన్ఫరెన్సులో అందరి ఎదుటా స్వయంగా చేసుకున్నారు. చార్జి తీసుకొను రిలీవర్ పేరు అని అడిగింది. మండలిలో అన్ని విధాలా భారవిముక్తుడైన ఉద్యోగి, ఇంకే భారాన్నైనా ఎత్తుకోవడానికి ఖాళీగా ఉన్నవాడు ఒక్కడే ఉన్నాడు. ఉమాపతి ఓబులేసు పేరు రాశాడు. మీట నొక్కాడు. తెర మీద పూలవాన కురిసింది.

గంట తిరక్కుండా పరాంకుశం గారు ఫోన్ చేశారు. ఆయన కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. కారు డ్రైవరు రాళ్లకుంట ఓబులేసు గారి కోసం స్టేషన్‌కు వెళ్లాలా అని అడుగుతున్నాడు.

"ఏం చేశావయ్యా! వెంటనే మార్చు!"

"మార్చడం ఎలా సార్? పోర్టల్‌లో దించే మీటలే అయిదు పెట్టించారు. దించినదాన్ని మళ్లీ ఎత్తే మీట పెట్టించలేదు సార్."

"నీ రిలీవింగ్ ఆర్డరు ఇప్పుడే సంతకం చేసి పంపిస్తాను. చాలా?"

"మీరిప్పుడు సంతకం పెట్టలేరు కదా సార్. మీరు రిలీవ్ అయ్యారు."

"మరి ఎవరు పెట్టాలి?" అన్నారు పరాంకుశం గారు, చాలా చిన్న గొంతుతో.

ఉమాపతి తలతిప్పి చూశాడు. డైరెక్టర్ జనరల్ గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు.

సంగతంతా చెప్పి, రిలీవింగ్ ఆర్డరు మీద ఒక్క సంతకం పెట్టమని ఉమాపతి కాగితం చాచాడు. ఓబులేసు కాగితాన్ని తిరగేసి, బోర్లించి చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. అతని మెడ కొద్దిగా పొడుగైంది.

"పరిశీలిస్తాం," అన్నాడు.

"ఓబులేసూ! నెలాఖరు ఈ వారమే! మా ఆవిడ అక్కడ ఒక్కతే ఎదురుచూస్తోంది!"

ఓబులేసు మెడ మామూలుగా అయిపోయింది. "కోపం చేసుకోవద్దు సార్. మీరు పోతే ఈడ నేనొక్కణ్ణే గద. ఎవురితో మాట్లాడల్ల? చెరువు జూస్తే అట్ల, ఊరు జూస్తే ఇట్ల. రిలీవరొచ్చినంక పోండి. రూలు గూడ అదే అంటాంది గదా."

ఉమాపతి కుర్చీలో కూలబడ్డాడు. రూలుకు రూలూ, ఒంటరితనానికి ఒంటరితనమూ రెండూ నిజమే అయితే ఇంకేం వాదిస్తాడు? దమయంతికి ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే ఎవరో పెద్దమనిషి వచ్చి సారున్నారా అని అడిగాడు. డైరెక్టర్ జనరల్ అయినా ఓబులేసుకు పాత అలవాటు పోలేదు. ఎదురుగా కుర్చీలో ఉన్న ఉమాపతిని చూడనైనా చూడకుండా, "సారు క్యాంపు," అన్నాడు. పెద్దమనిషి ఉమాపతి వంక చూసి, నమస్కారం పెట్టి, సారు క్యాంపు నుంచి వచ్చాక కలుస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఉమాపతి ఒక్క ఉదుటున లేచాడు.

క్యాంపు! ఇన్నాళ్లూ ఎలా తోచలేదు? క్యాంపులో ఉన్న అధికారి లేనట్టు కాదు, ఉన్నట్టూ కాదు. అతణ్ణి ఎవరూ రిలీవ్ చెయ్యక్కర్లేదు. ఎన్నాళ్లు అని ఎవరూ అడగరు. మంత్రులకూ కలెక్టర్లకూ ఉండే క్యాంపు ఆఫీసు తనకెందుకు ఉండకూడదు? క్యాంపు ఆఫీసంటే అధికారి ఇల్లేగా? రాళ్లకుంట శాఖ కార్యకలాపాలను జలం అందుబాటులో ఉన్న గుల్లవలస క్యాంపు కార్యాలయం నుంచి నిర్వహించడమైనదని తనకు తానే ఉత్తర్వు రాసుకున్నాడు. ఆఫీసుకు తాళం వేసి, బోర్డు ఊడదీసి చంకన పెట్టుకున్నాడు. రైల్లో కూర్చున్నాక చూసుకుంటే పక్క సీట్లో ఓబులేసున్నాడు.

"హెడ్‌క్వార్టర్స్ యాడుంటే డైరెక్టర్ జనరల్ ఆడుండల్ల గదా సార్," అన్నాడు పల్లీలు ఒలుచుకుంటూ.

నెలాఖరు దాటిపోయింది. బదిలీ రద్దయింది. అప్పటికి ఉమాపతి గుల్లవలసలో కొత్త మంచం మీద పడుకుని సముద్రపు హోరు వింటున్నాడు.

దమయంతి మొదటి రెండు రోజులూ నేల మీద నడవలేదు. ఇంటివాళ్ల ముందు మొగుణ్ణి నిలబెట్టి మరీ చూపించింది. వరండాలో ఓబులేసు పడక వేసుకున్నా, "పోనీలే, ఆ పెద్దాయన మాత్రం ఎక్కడికెల్తాడు," అంది. మూడోనాడు ఆటో దిగి పరాంకుశం గారు వచ్చారు. తన భారం తనకు తిరిగి ఇప్పించగల నోడల్ అధికారి క్యాంపు ఆఫీసు ఇదేనా అని అడిగారు. అవునన్నాక సూట్‌కేసు లోపల పెట్టారు.

పోర్టల్‌లో ఎత్తే మీట పెట్టించడానికి ఎవరి అనుమతి కావాలో ముగ్గురూ రోజూ చర్చించేవారు. అనుమతి ఇవ్వాల్సింది డైరెక్టర్ జనరలే గనక ఓబులేసు రోజూ పరిశీలించేవాడు. చర్చలకు టీ కావాలి. పరాంకుశం గారికి పొద్దున్నే మిరియాల చారు కావాలి. ఓబులేసుకు రాగిసంగటి లేకపోతే అన్నం తిన్నట్టు ఉండదు. ఉమాపతి క్యాంపులో ఉన్నాడు గనక ఏ పనీ చెయ్యకూడదు. చేస్తే డ్యూటీలో ఉన్నట్టు లెక్క. దమయంతి ఆసుపత్రికి వెళ్లేముందు వండేది, ఆసుపత్రి నుంచి వచ్చాక వండేది. మూడేళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకు దిగులుండేది. ఇప్పుడు దిగులు పడడానికి తీరిక దొరకడం లేదు.

ఒకనాడు పొద్దున రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. వచ్చే దారిలో రేవులో నాలుగు చేపలు కొంది. కళ్లు మూతలు పడుతున్నాయి. వరండాలో ముగ్గురూ వేడివేడి చర్చలో ఉన్నారు.

"అమ్మా, వచ్చావా! చారు కాస్త త్వరగా..." అన్నారు పరాంకుశం గారు.

దమయంతి చేపల సంచీతో అలాగే నిలబడింది.

"సారూ, మిమ్మల్నొకటి అడగాల. మీ ఇంగ్లీషు మాటలు అయిదున్నాయి కదా, మనిసిని ఒగ్గీడానికి. అందల్లో నాకు పనికొచ్చీది ఏటైనా ఉందా?"

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. చాన్నాళ్ల తరవాత ఒకరు ఆయన్ని సలహా అడిగారు. "మీరు మండలి ఉద్యోగి కారు కదమ్మా, ఆ అయిదూ మీకు వర్తించవు. పోతే, ఇది మీ ఇల్లు. ఇంట్లో పని టెక్నికల్‌గా భారం నిర్వచనం కిందికి రాదు. దాన్ని మనం... ఏమంటామూ... ఆప్యాయత కింద చూస్తాం."

ఉమాపతి తల దించుకున్నాడు. సిగ్గనిపించింది. లేచి ఏదో అనబోయాడు. దమయంతి అనివ్వలేదు.

"బావా, నువ్విటు రా."

వంటింట్లోకి తీసుకెళ్లింది. "మా ఆస్పత్రిలో ఎలాగంటే, పక్క డ్యూటీ మనిసొచ్చి ఎదురుగా నిలబడిందంటే మేం దిగిపోడవే. ఏ బెడ్డుకి ఏటివ్వాలో సెప్పీసి ఇంటికెల్లిపోతాం. మీలాగ నెలలు పట్టదు. సూడు. ఇది గేసు. ఇలగ తిప్పాల. ఇవి బియ్యం. అది రాగిపిండి. మిరియాలు ఆ సీసాలో. ఇవి నాలుగూ సేపలు. పొలుసు తీసి, తోముకుని, పులుసెట్టాల. అర్దవైందా?"

"అయింది కానీ దమయంతీ, నేను ఎప్పుడూ..."

"రిలీవరు రాలేదు, రాలేదని నెలంతా ఏడ్సినావు. నానూ ఏడ్సినాను. నా రిలీవరొచ్చీసినాడు. నాను దిగిపోతన్నాను."

సంచీ అతని చేతికిచ్చి గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకుంది. లోపల్నుంచి గొళ్లెం పడిన చప్పుడైంది.

పరాంకుశం గారు గడపలోంచి తొంగిచూశారు. "ఇప్పుడు చారు సంగతి ఏమిటంటావు, ఉమాపతీ?"

"మీరు ఉల్లిపాయలు తరగండి సార్," అన్నాడు ఉమాపతి. "ఓబులేసూ, నువ్వు రాగిపిండి కలుపు. పరిశీలించకుండా కలుపు."

తరవాత ముంతలో నీళ్లు పట్టుకుని సంచీ విప్పాడు. జలపుష్ప వికాస మండలిలో అంత సర్వీసు చేసినా అతను చేపను చేత్తో పట్టుకోవడం అదే మొదలు. అది జారి గచ్చు మీద పడింది. తీస్తే మళ్లీ జారింది. పొలుసు ఏ వైపు నుంచి తియ్యాలో ఎంతకీ తెలియలేదు. తలుపు దగ్గరికి వెళ్లాడు.

"దమయంతీ, తల వైపు నుంచా, తోక వైపు నుంచా?"

జవాబు రాలేదు. తలుపుకు చెవి ఆనించి విన్నాడు. మూడేళ్లుగా అతని ఫోన్ కోసం ఒక కన్ను తెరిచి పడుకున్న మనిషి, లోపల హాయిగా గురకపెడుతోంది. తట్టబోయిన ఉమాపతి వేలి కణుపు తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. చప్పుడు కాకుండా వంటింట్లోకి తిరిగొచ్చి, తోక వైపు నుంచి మొదలుపెట్టాడు.